కత్తా? గరిటా?

మా మేనకోడలు గీసిన మొదటి బొమ్మలో తాటిచెట్టెక్కే మనిషి చేతిలో గరిటె ఉంది. తను మాత్రం అది కల్లు గీసే గీత కత్తి అంటుంది. కత్తి అనుకుని గీసింది కాబట్టి తనకు కత్తే కనిపిస్తుంది. తన మనసులో ఏముందో మాకు తెలియదు కాబట్టి మాకు గరిటె కనిపించింది. గీసేవాళ్లకీ చూసేవాళ్లకీ వచ్చే తగాదాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

ఆ పిల్ల హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవుల్లో సొంతంగా ఒక చిన్న గేమ్ చేద్దామని కూర్చుంది. వరసగా తాటిచెట్లు ఉంటాయి, ఒక మనిషి ఎక్కాలి, కల్లు దించాలి, పొద్దు బాగా ఎక్కేలోగా అన్ని చెట్లూ పూర్తిచేయాలి. మనిషిని పిక్సెల్ ఆర్ట్‌లో గీస్తానంది. అంటే గళ్ల బొమ్మ. అడ్డంగా 32 గళ్లు, నిలువుగా 32. మొత్తం 1024. వినడానికి చాలా ఉన్నట్టే ఉంటుంది గానీ చుట్టూ ఖాళీ పోగా మనిషికి సగం కూడా దక్కవు. అందులోనే తల, తలగుడ్డ, కళ్లు, మీసం, చేతులు, గోచీ, నడుముకు లొట్టి (కల్లు కుండ), కాళ్లు. ఇన్నీ సర్దాక కత్తికి ఐదారు గళ్లు మిగిలాయి. ఐదారు గళ్లలో కత్తికీ గరిటెకీ తేడా చూపించమంటే చెయ్యి తిరిగినవాళ్లు కూడా కాసేపు ఆలోచిస్తారు.

నాకు బొమ్మలు రావు. ఇతరుల వాక్యాలు దిద్దడం నా బతుకుతెరువు. అందుకే ఈ బొమ్మ చుట్టూ చేరి ఒక్కొక్కరూ ఒక్కో సలహా చెబుతుంటే నాకు బొమ్మకన్నా సలహాల మీదే ఆసక్తి పుట్టింది. మా పనిలో 'ఎందుకో ఇక్కడ తూగడం లేదండీ' అనేసి తప్పించుకోవచ్చు. రాసినాయన ఆ రాత్రంతా ఆ 'ఎందుకో' ఏమిటో తెలియక మథనపడతాడు, మనం హాయిగా నిద్రపోతాం. గళ్ల బొమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. తూగడం లేదంటే ఏ గడి తూగడం లేదు? మోచేతి దగ్గరిదా, భుజం కిందదా? దాన్ని తీసేస్తే ఎలా ఉంటుంది? తీసి చూద్దాం, ఎంతసేపు? వేలు పెట్టి ఒక గడిని చూపించలేని విమర్శ ఇక్కడ విమర్శ కిందికే రాదు.

అలాగని అందరూ వేలు పెట్టి చూపించలేదు. మా అక్క 'బాగుంది తల్లీ, అన్నం తిను' అంది. అది విమర్శ కాదు, వాత్సల్యం. దానికి పేరు పెట్టనక్కర్లేదు. పక్క ఫ్లాట్ ఆవిడ తెర వైపు వంగి చూసి, 'వంటాయనా?' అని అడిగి వెళ్లిపోయింది. ఆ రోజు వచ్చిన మాటల్లో పనికొచ్చేది అదొక్కటే. ఆవిడకు పిక్సెల్ అంటే ఏమిటో తెలియదు, సలహా ఇచ్చే ఉద్దేశమూ లేదు. తనకు కనిపించింది చెప్పింది. గీసే మనిషి ఎంత డబ్బు పోసినా కొనుక్కోలేనిది అదే, తన ఉద్దేశం తెలియని మరో జత కళ్లు.

కాసిని గళ్లలో మనిషిని ఇరికించలేక తంటాలు పడ్డవాళ్లలో మొదటివరసలోని వాళ్లు ఏం చేశారో చూస్తే ఈ గరిటె గొడవ కొత్తదేం కాదని తెలుస్తుంది. 1981లో షిగెరు మియమొటో 'డాంకీ కాంగ్' అనే గేమ్ కోసం ఒక వడ్రంగిని గీశాడు. 16 గళ్ల అడ్డం, 16 గళ్ల నిలువు. జుట్టు గీస్తే జుట్టులా లేదు, టోపీ పెట్టాడు. నోరు గీయడానికి చోటు లేదు, లావుపాటి ముక్కు పెట్టి దాని కింద మీసం దించేశాడు. పరుగెత్తేటప్పుడు చేతులు ఒంట్లో కలిసిపోయి కనిపించడం లేదు, చొక్కాకు ఒక రంగూ దాని మీది ఓవరాల్స్‌కు మరో రంగూ వేశాడు. అప్పుడు జంప్‌మ్యాన్ అని పిలిచిన ఆ వడ్రంగి తర్వాత మారియో అయ్యాడు. టోపీ, మీసం, ఓవరాల్స్ లేకుండా ఇవాళ మారియోను ఊహించలేం. అవి ముచ్చటపడి పెట్టుకున్న అలంకారాలు కావు, ఒక్కొక్కటీ 'ఇది కనిపించడం లేదు' అనే ఫిర్యాదుకు దొరికిన జవాబు. జుట్టు సరిగ్గా రాకపోతే ఇంకా కష్టపడి మంచి జుట్టు గీయలేదాయన, జుట్టునే ఎత్తేశాడు. మా పిల్ల మాత్రం కత్తిని ఇంకా మంచి కత్తిగా గీయాలనే పట్టుదలతో ఉంది. ఒక గడి పొడిగించింది, చివర తెల్లటి మెరుపు పెట్టింది. ఇప్పుడు స్టీలు గరిటెలా ఉంది.

వాళ్ల కాలేజీలో ఒక సీనియర్ ఉన్నాడు, ఈ విద్యలో కాస్త అనుభవం ఉన్నవాడు. అతనొచ్చి బొమ్మ చూసి రంగుల సంగతి ఎత్తలేదు. 'మనిషిని మొత్తం నల్లగా నింపి చూడు' అన్నాడు. నింపింది. కళ్లు, మీసం, గోచీ అన్నీ నలుపులో మునిగిపోయాయి. మిగిలింది ఒక ముద్ద. పైన గుండ్రంగా, కింద రెండు పిలకలు. చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. లొట్టి ఎక్కడుందో తెలియదు, గరిటె ఒక్కటే పక్కకు పొడుచుకొచ్చింది. రంగులన్నీ ఉన్నప్పుడు మన కళ్లు వాటిని పట్టుకుని బొమ్మను అర్థం చేసుకుంటాయి. గేమ్ ఆడేవాడికి అంత తీరిక ఉండదు, కదిలే బొమ్మలో వాడికి ముందు అందేది ఆకారమే. చేతికీ నడుముకూ మధ్య రెండు గళ్లు ఖాళీ వదిలితే చాలు, చెయ్యి చెయ్యిగా కనిపిస్తుందన్నాడు ఆ అబ్బాయి. వదిలింది. నిజంగానే కనిపించింది. గీసిన గళ్లు చేయలేని పనిని గీయని గళ్లు చేశాయి. నా వృత్తిలో కొట్టివేతల గురించి నేనిలాంటి మాటలు తరచూ చెబుతుంటాను గానీ, ఇంత కళ్లకు కట్టినట్టు ఎవరికీ చూపించలేను.

తర్వాత వెలుతురు. కొత్తగా గీసేవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేస్తారట. అంచు వెంట ముదురు రంగు వేసి, లోపలికి వెళ్లేకొద్దీ లేత చేసుకుంటూ పోతారు. దాన్ని పిల్లో షేడింగ్ అంటారు. ప్రతి అవయవమూ ఉబ్బిన దిండులా కనిపిస్తుంది, వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియదు. 'సూర్యుడెక్కడున్నాడు?' అని అడిగాడు సీనియర్. పిల్ల దగ్గర జవాబు లేదు. ఇది నాకు నచ్చిన ప్రశ్న. ఎందుకంటే దీనికి జవాబు సాఫ్ట్‌వేర్‌లో దొరకదు, పనిలో ఉంది. గీత పనివాళ్లు చెట్టెక్కేది పొద్దున, సాయంత్రం. అంటే వెలుతురు నడినెత్తి మీంచి పడదు, పక్కనుంచి ఏటవాలుగా వస్తుంది. ఒంటికి ఒకవైపు నారింజ, రెండోవైపు ఊదా కలిసిన నీడ. నీడ అంటే అదే రంగులో ఇంత నలుపు కలపడం కాదని, రంగే కొంచెం పక్కకు జరగాలని ఆ అబ్బాయి చెప్పిన పాఠానికి మా ఊరి తాటివనంలో పొద్దుటి ఎండ సాక్ష్యంగా నిలబడింది.

రంగు అంటే మరో సంగతి. మొదటి బొమ్మలో మనిషి ఒళ్లు గులాబీ ఛాయలో ఉంది. పిల్ల కావాలని చేసింది కాదు. చూసి నేర్చుకున్న వీడియో పాఠాలన్నిటిలో మనిషి ఒంటికి ఆ రంగే వేశారు, వేళ్లు అటే పోయాయి. బొమ్మ చూసి మా బావ అడిగాడు, 'ఎండలో చెట్లెక్కేవాడు ఇంత తెల్లగా ఎట్లుంటడే?' ఇందులో కళ గురించి ఒక్క ముక్కా లేదు. కానీ ఆ ఒక్క మాటతో తలగుడ్డ రంగు దాకా మొత్తం పాలెట్ మారిపోయింది. నల్లటి ఒంటి మీద నల్లటి అవుట్‌లైన్ కనిపించదు కదా, అవుట్‌లైన్‌ను కొన్నిచోట్ల ముదురు గోధుమలోకి మార్చాల్సి వచ్చింది. ఒక్క గడి కదిపితే పక్కవి కూడా జరగాలి. నలభై దాకా ఉన్న రంగులు పన్నెండుకు వచ్చాయి. పాత నింటెండో యంత్రంలో ఒక్కో స్ప్రైట్‌కు, అంటే కదిలే బొమ్మకు, మూడే రంగులు ఇచ్చేవారు, నాలుగోది ఖాళీ. గేమ్‌బాయ్‌లో మొత్తం తెరకే నాలుగు ఛాయలు. ఇప్పటి పిల్లలకు లక్షల రంగులు ఉచితం. తగ్గించుకోమని యంత్రం చెప్పదు కాబట్టి ఆ మాట మనిషి చెప్పాలి.

ఇక పిల్లకు ఒక స్నేహితురాలు ఉంది, బొమ్మలు అద్భుతంగా వేస్తుంది. ఫైలు పంపితే గంటలో తిరిగి పంపింది. నిలబడే తీరు మారింది, ముఖం మారింది, మీసం పోయింది, కండలు వచ్చాయి. ఎవరు చూసినా మొదటిదానికన్నా నాలుగింతలు బాగుందంటారు. దాన్ని చూసి మా పిల్ల లాప్‌టాప్ మూసేసింది, కొన్నాళ్లు తెరవలేదు. నాకిది బాగా తెలిసిన జబ్బు. దిద్దేవాళ్లలో చాలామందికి ఎదుటివాళ్ల పేజీలో తమ చేతిరాత చూసుకోవాలనే సరదా ఉంటుంది. గళ్ల బొమ్మల వాళ్లలో ఒకరి బొమ్మను మరొకరు సరిచేసి చూపించడం మామూలే, మంచి ఆచారమే. అయితే అందులో పద్ధతి తెలిసినవాళ్లు ఎనిమిదో పదో గళ్లు మార్చి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, 'ఇవి ఎందుకు మార్చానంటే' అని చెబుతారు. మొత్తం తిరగగీసిస్తే నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? నాలుగు వందల గళ్లు మారితే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది?

ఈ విషయంలో నాకు స్టీవ్ జాబ్స్ చిరాకే మెరుగనిపిస్తుంది. 1984లో వచ్చిన మెకింటాష్ కోసం సూసన్ కేర్ చిన్న చిన్న గుర్తులు గీసింది. గ్రాఫ్ కాగితాల పుస్తకంలో గళ్లు నింపుకుంటూ, 32 అడ్డం 32 నిలువు, మా పిల్ల తీసుకున్న కొలతే. అప్పట్లో మెనూల్లో ప్రతి షార్ట్‌కట్ పక్కనా ఆపిల్ గుర్తు పెట్టారు. జాబ్స్ చూసి, తెర నిండా ఇన్ని ఆపిల్స్ ఏమిటి, మన లోగోను చవక చేస్తున్నారని మండిపడ్డాడు. ఏం పెట్టాలో మాత్రం చెప్పలేదు. కేర్ గుర్తుల నిఘంటువు తిరగేసి, స్వీడన్‌లో శిబిర స్థలాల దగ్గర చూడదగిన చోటుకు వాడే ఒక నాలుగు చెవుల ముడి గుర్తును పట్టుకుంది. ఇవాళ ప్రతి మాక్ కీబోర్డు మీదా కమాండ్ మీటకు గుర్తు అదే. నచ్చనిదేమిటో ఆయన చెప్పాడు, మందు ఆమె వెతుక్కుంది. జాబ్స్ తానే కూర్చుని ఒక గుర్తు గీసిచ్చి ఉంటే? తలుచుకోవడం కూడా అనవసరం.

పిల్లను ఊరికి తీసుకెళ్లాను, భువనగిరి వైపు. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, వయసంతా చెట్ల మీదే గడిచింది, ఇప్పుడు ఎక్కడం మానేశాడు. ఫోనులో బొమ్మ చూపించింది. ఆయన ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

'గిదేంది బిడ్డా చేతుల?'

'కత్తి తాతా.'

'కత్తి చేతుల వట్టుకొని ఎవడన్న చెట్టెక్కుతడా? అది నడుముకు ఉంటది. చేతులు మోకు మీదుండాలె. మోకేది? మోకు లేకుంటె ఎట్లెక్కుతడు, కిందవడి సస్తడు.'

పిల్ల నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. కత్తిని ఏ కోణంలో తిప్పాలి, మెరుపు ఎక్కడ పెట్టాలి, పిడికి ఏ రంగు వేయాలి అని అప్పటిదాకా సలహాలిచ్చిన వాళ్లం ఒక్కరం కూడా అది చేతిలో ఎందుకుందని అడగలేదు. బొమ్మలు తెలిసినవాళ్లకు చెట్టు తెలియదు. చెట్టు తెలిసిన మనిషికి మేమెవరం ఫోను చూపించలేదు.

ఆయన లేచి గుమ్మం స్తంభాన్నే తాటిచెట్టు అనుకుని నిలబడి చూపించాడు. మోకు అంటే చెట్టెక్కే తాడు, అది చెట్టు చుట్టూ తిరిగి వీపు వెనక్కు వస్తుంది. మనిషి దాని మీద వెనక్కు వాలతాడు. మోకును పైకి ఎగరేసేటప్పుడు చెట్టుకు దగ్గరవుతాడు, మళ్లీ వాలి కాళ్లు పైకి జరుపుతాడు. పిల్ల వీడియో తీసుకుంది. దాన్ని చూస్తూ కొత్తగా గీసి, సీనియర్ చెప్పినట్టు నల్లగా నింపింది. ఈసారి ముద్ద రాలేదు. నిలువుగా మాను, దానినుంచి ఏటవాలుగా వెనక్కు వాలిన మనిషి, రెంటినీ కలుపుతూ సన్నటి గీత. పల్లె ఎరిగినవాళ్లు ఎవరైనా ఇట్టే చెబుతారు. గరిటె సమస్య పరిష్కారం కాలేదు, అసలు సమస్యే లేకుండా పోయింది. దానికి పెట్టిన గళ్లు మోకుకు పనికొచ్చాయి.

అయితే మోకు తన సమస్యలు తాను తెచ్చుకుంది. గళ్లలో ఏటవాలు గీత గీయడం చెప్పినంత తేలిక కాదు. రెండు గళ్లు పక్కకు, ఒకటి పైకి. మళ్లీ రెండు పక్కకు, ఒకటి పైకి. ఇలా ఒకే లెక్కన పోతే బిగుతుగా లాగిన తాడులా కనిపిస్తుంది. రెండు, ఒకటి, మూడు, ఒకటి అని పోతే పళ్లూడిన దువ్వెన అవుతుంది. వీపు చుట్టూ వంపు తిరిగేచోట గీత ముక్కలు నాలుగు, మూడు, రెండు, ఒకటి అని క్రమంగా చిన్నవి కావాలి. ఆ వరసలో ఒక్కటి తప్పినా మోకుకు మోకాలు వస్తుంది. మోకు మీద పిల్ల పెట్టినంత పని ముఖం మీద కూడా పెట్టలేదు. ముఖానికి కన్ను ఒక గడి, మీసం మూడు గళ్లు, అంతే.

మా ఊరికి దగ్గర్లోనే పోచంపల్లి. అక్కడ ఇక్కత్ చీర డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా పుడుతుంది. ఆ లెక్క ప్రకారం దారాలకు ముళ్లు కట్టి రంగుల్లో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. ఒకసారి రంగులో మునిగిన దారాన్ని వెనక్కు తిప్పలేరు, కాబట్టి అక్కడ ఏ సలహా అయినా కాగితం దశలోనే రావాలి. కంప్యూటర్లో గళ్లు నింపే పిల్లకు ఆ భయం లేదు. పెట్టి చూడొచ్చు, నచ్చకపోతే ఒక మీట నొక్కి తీసేయొచ్చు. ఈ సౌకర్యం వల్ల ఒక మేలు జరుగుతోంది. సలహా మీద వాదించుకోవాల్సిన పని లేదు, నిమిషంలో పరీక్షించవచ్చు. అహం అడ్డొచ్చేలోపే పని అయిపోతుంది. ఒక కీడు కూడా ఉంది. ఎవరేం చెప్పినా పెట్టి చూడటం అలవాటైతే సాయంత్రానికి బొమ్మ ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఆ చివరిదాకా పోకుండా మా పిల్లను కాపాడింది తలగుడ్డ. ఎర్రటి తలగుడ్డ, తలకన్నా పెద్దది. అందరూ తగ్గించమన్నారు. సీనియర్ అన్నాడు, స్నేహితురాలు అంది, నేనూ అన్నాను. తను వినలేదు. కారణం కూడా చెప్పలేదు, 'అది అట్లనే ఉంటది మామయ్యా' అంది. తర్వాత బొమ్మను అసలు కొలతలో, వెనకాల చెట్లన్నీ పెట్టి చూపించింది. గీసేటప్పుడు తెర మీద ఒక్కో గడిని శనగగింజంత చేసుకుని గీస్తారు, సలహాలన్నీ ఆ కొలతలోనే చెబుతారు. ఆడేవాడికి అది వేలెడు మనిషి. ఆకుపచ్చ మట్టల గుబురులోకి ఆ మనిషి వెళ్లినప్పుడు ఎక్కడున్నాడో తెలిసేది ఎర్ర తలగుడ్డ వల్లే. నేను తగ్గించమన్నది శనగగింజ కొలతలో చూసి.

కొలత సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాత గేముల బొమ్మలు చూసి నేర్చుకునే పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఆ బొమ్మలు గీసినవాళ్లు పిక్చర్ ట్యూబ్ టీవీల కోసం గీశారు. ఆ తెర మీద గడి అంచులు కాస్త కరిగి పక్క గడిలోకి పాకేవి. ఇప్పటి తెరల మీద అవే బొమ్మలు కత్తితో కోసినట్టు కనిపిస్తాయి, అదే అసలు రూపం అనుకుని పిల్లలు అనుకరిస్తారు. మాటకు సందర్భం ఉన్నట్టే గడికీ సందర్భం ఉంటుంది.

ఎక్కే బొమ్మ నాలుగు ఫ్రేముల్లో కదలడం మొదలుపెట్టాక పెద్దాయనకు ఫోనులో పంపాం. వాళ్ల మనవడు చూపించాడట. ఈసారి మోకు బాగుందన్నాడు, లొట్టి ఇంకొంచెం కిందికి ఉండాలన్నాడు. పిల్ల మురిసిపోయి, దిగడం కూడా చూపించింది. దిగడానికి వేరే బొమ్మలు గీయలేదు, ఎక్కే ఫ్రేముల్నే వెనక నుంచి ముందుకు నడిపించింది. గేములు చేసేవాళ్లు అందరూ చేసే పనే, తప్పేం లేదని సీనియర్ కూడా భరోసా ఇచ్చాడు. కాసేపటికి మనవడు తాత మాటను రికార్డు చేసి పంపాడు.

'పోయేటప్పుడు లొట్టి ఖాళీ. వచ్చేటప్పుడు కల్లు ఉంటది గద బిడ్డా. గంత అల్కగ ఎట్ల దిగుతడు?'

దిగడానికి విడిగా మరో నాలుగు ఫ్రేములు గీయాలిప్పుడు. లొట్టి వైపు నడుము ఒక గడి కిందికి జారాలా, రెండు గళ్లా అని పిల్ల అడుగుతోంది. నాకు తెలియదన్నాను. రెండూ గీసి పంపమన్నాను, ఆయననే అడుగుదాం.